కోట పక్కన ఆటమైదానం

ఊల్మ్ నగరంలో పెద్ద రైలు దిగి, హైడెన్‌హైమ్ వెళ్ళే బండి కోసం ప్లాట్‌ఫారం మారిన ప్రయాణికుడిని మొదట ఆకర్షించేది ఆ బండి చిన్నతనం. నాలుగు పెట్టెలకు మించని డీజిల్ బండి అది. దారి చాలామేరకు ఒంటి పట్టాలది. ఎదురు బండి వచ్చేదాకా ఏదో ఒక పల్లె స్టేషనులో ఓపికగా నిలిచి ఉండవలసిందే. ఐన్‌స్టీన్ పుట్టిన ఊరుగానూ, 161 మీటర్ల చర్చి శిఖరం గల ఊరుగానూ లోకానికి పరిచితమైన ఊల్మ్ క్రమంగా వెనుకబడిపోతుంది. డాన్యూబ్ మైదానం అంతమై, బ్రెంట్స్ అనే చిన్న నది లోయలోకి బండి మళ్ళుతుంది. దక్షిణ జర్మనీలోని ఈ ఎత్తైన సున్నపురాతి పీఠభూమిని స్వాబియన్ ఆల్బ్ అంటారు.

ఆ దారిలో పేరు విని ఎవరూ ఉలిక్కిపడని స్టేషన్లు కొన్ని వస్తాయి. నీడర్‌స్టోట్సింగెన్ దగ్గరి ఒక గుహలో 1931లో మామత్ దంతంతో చెక్కిన గుర్రపు బొమ్మ, ఇతర జంతువుల బొమ్మలు దొరికాయి. అవి ముప్పై అయిదువేల ఏళ్ళకు పైబడినవి, మానవుడు చేసిన అతి పురాతన శిల్పాల్లో లెక్కించదగినవి. 2017లో యునెస్కో ఈ ప్రాంతపు గుహలను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఆ దారిలోనే ఇంకొంత ముందుకు పోతే వచ్చే స్టేషను హెర్మారింగెన్; ఈ పేరును పాఠకులు కొంతసేపు గుర్తుంచుకోవాలి. ఆ తరువాత గీంగెన్. పోలియోతో కాళ్ళు చచ్చుబడి చక్రాల కుర్చీకే పరిమితమైన మార్గరేటె స్టైఫ్ అనే యువతి 1880లో గుడ్డబొమ్మలు కుట్టడం మొదలుపెట్టిన ఊరు ఇదే. 1902లో ఆమె మేనల్లుడు రిచర్డ్ రూపొందించిన ఎలుగుబంటి బొమ్మ ఈనాటికీ లోకమంతటా పిల్లల పక్కలో పడుకుంటున్నది.

ఆ పైన హైడెన్‌హైమ్. జనాభా దాదాపు యాభై వేలు. మన లెక్కలో ఒక మోస్తరు తాలూకా కేంద్రం. స్టేషను నుండి బయటపడగానే తలెత్తి చూస్తే తెల్లటి రాతికొండ, దానిపై హెలెన్‌స్టైన్ కోట. పన్నెండవ శతాబ్దంలో మొదలై, 1530లో కాలిపోయి, వుర్టెంబర్గ్ ప్రభువుల చేతిలో మళ్ళీ లేచిన కోట అది. శిథిలమైన సభామండపంలో వేసవిలో ఒపేరాలు ప్రదర్శిస్తారు. కోటను చూడడానికే వచ్చినవారు అక్కడితో ఆగిపోతారు. కాని వారాంతంలో ఎరుపు, నీలం కండువాలు మెడకు చుట్టుకొని అదే కొండ ఎక్కేవారు కోటను దాటి ముందుకు సాగుతారు. చెట్ల వెనుక నాలుగు దీపస్తంభాలు కనబడతాయి. అది పదిహేను వేలమంది పట్టే ఒక ఫుట్‌బాల్ మైదానం. సముద్రమట్టానికి 555 మీటర్ల ఎత్తున ఉన్న ఈ మైదానం జర్మనీ వృత్తి క్రీడాజట్ల మైదానాలన్నిటిలోకీ ఎత్తైనదని ఆ ఊరివారు గర్వంగా చెప్పుకుంటారు. హైదరాబాదు నగరం కూడా ఇంచుమించు అంత ఎత్తునే ఉన్నదని వారికి తెలియజెప్పడం అమర్యాద కావచ్చు.

ఈ మైదానానికి 2023 నుండి జర్మనీ అంతటి కళ్ళూ తిరిగాయి. ఆ సంగతికి ముందు ఆ ఊరి స్వభావం కొంత తెలియాలి.

హైడెన్‌హైమ్ అంటే వాడుక అర్థంలో ‘అన్యమతస్థుల ఇల్లు’. క్రైస్తవానికి లొంగని వారి పల్లె అని జనం చెప్పుకునే కథ. పండితులు ఈ అర్థాన్ని అంత తేలికగా ఒప్పుకోరు గాని, ఊరి రాజముద్రికలో మాత్రం గడ్డం పెంచి, కుచ్చుటోపీ పెట్టుకున్న ఒక అన్యమతస్థుడి తలే ఉన్నది. ఆ చిహ్నాన్ని పట్టుకునే ఊరి బేస్‌బాల్ జట్టు ‘అన్యమతస్థుల తలలు’ అని పేరు పెట్టుకున్నది. ఆ జట్టు జర్మన్ ఛాంపియన్‌షిప్‌ను పలుమార్లు గెలుచుకున్నది. కత్తిసాము పోటీలకు కూడా ఈ ఊరు దశాబ్దాలుగా పేరు మోసింది. ఫుట్‌బాల్‌కు మాత్రం నిన్నమొన్నటి వరకు ఎవరూ ఈ ఊరి పేరు తలచేవారు కారు.

ఆల్బ్ పీఠభూమి సున్నపురాతి నేల. వాననీటిని ఇట్టే మింగేసి, ఎక్కడో లోయ అడుగున ఊటగా కక్కుతుంది. పైన నీటికి కటకట, కింద బ్రెంట్స్ పొడవునా మిల్లులు. నీరు వృథా పోనివ్వకూడదన్నది ఇక్కడివారి నరాల్లో జీర్ణించుకుపోయిన సూత్రం. స్వాబియన్లు పొదుపరులని మిగిలిన జర్మన్లు ఎగతాళి చేస్తారు. వంతులవారీగా ఇంటి మెట్లూ, వీధి అంచూ ఊడ్చే ఆచారాన్ని నేటికీ పాటించే జనం వీరు. వంతు తప్పించుకున్న ఇంటివారి మాట ఊరంతా తెలిసిపోతుంది.

ఇలాంటి ఊరు యంత్రాల ఊరు కావడంలో వింత లేదు. 1867లో ఫ్రీడ్రిక్ వోయిత్ తండ్రి నడిపిన పనిశాలను చేపట్టి, జలచక్రాలు, కాగితపు యంత్రాలు తయారుచేయసాగాడు. కొయ్యను నూరి గుజ్జుచేసి దానితో చవక కాగితం తీసే పద్ధతిని పనికివచ్చే యంత్రంగా మలచినవారిలో ఆయన తండ్రి యోహాన్ మత్తేయుస్, అదే ఊరి కాగితపు మిల్లుదారు హైన్‌రిక్ ఫోల్టర్ ముఖ్యులు. చవక పత్రికలు చదివే అలవాటున్న ప్రతివారూ ఈ చిన్న ఊరికి కొంత ఋణపడి ఉన్నారన్నమాట. నయాగరా జలపాతం వద్ద తిరిగిన టర్బైన్లలో కొన్ని ఇక్కడివి. హైదరాబాదు నాచారం పారిశ్రామికవాడలో కూడా ఈ సంస్థ శాఖ ఒకటి వెలసింది. ఊరిలోని రెండవ పెద్ద సంస్థ హార్ట్‌మన్. 1873 నుండి గాయాలకు కట్టే దూదిని పెద్ద ఎత్తున తయారుచేసిన పేరు వీరిది. నీరు, ఇనుము, దూది – ఈ మూడింటి మీద బతికిన ఊరిది.

1846 ఆగస్టులో ఈ ఊరివారు కొందరు కూడి ఒక వ్యాయామ సంఘాన్ని స్థాపించారు. ఇప్పటి ఫుట్‌బాల్ క్లబ్బు తన పేరు చివర ‘1846’ అని రాసుకునేది అందుకే. ఆ సంఘం స్థాపించినప్పుడు ఫుట్‌బాల్ అన్న ఆట జర్మనీలో ఎవరికీ తెలియదు. అసలు ఆ వ్యాయామ సంఘాలంటే దేహదారుఢ్యం కోసం మాత్రమే వెలసినవి కావు. బెర్లిన్ శివార్లలో 1811లో ఫ్రీడ్రిక్ లూడ్విగ్ యాన్ అనే ఉపాధ్యాయుడు నెపోలియన్ సేనల ఏలుబడిని సహించలేక, యువకులకు కడ్డీల మీద, తాళ్ళ మీద సాధన నేర్పే బయలు ఒకటి తెరిచాడు. మన తాలింఖానాలకు, దేశభక్త సమాజాలకు పుట్టిన బిడ్డ వంటిది ఆ ఉద్యమం. ప్రభువులు దానిని అనుమానించారు. ప్రష్యా 1820 నుండి 1842 దాకా నిషేధించింది. నిషేధం తొలగిన కొన్నేళ్ళలోనే ఊరూరా సంఘాలు మొలిచాయి. హైడెన్‌హైమ్ సంఘం ఆ పంటలోనిదే. రెండేళ్ళకు వచ్చిన 1848 విప్లవంలో ఈ వ్యాయామవీరులు చాలాచోట్ల ప్రజల పక్షాన నిలిచారు, విప్లవం అణగారాక మూల్యం చెల్లించారు.

ఫుట్‌బాల్‌ను ఈ వ్యాయామవాదులు అసహ్యించుకున్నారన్నది చరిత్ర చేసిన చిన్న పరిహాసం. ఈ ఆటను బ్రౌన్‌ష్వైగ్‌లో కోన్రాడ్ కోక్ అనే ఉపాధ్యాయుడు 1874లో తన విద్యార్థులకు నేర్పించాడు. స్టుట్‌గార్ట్‌కు చెందిన కార్ల్ ప్లాంక్ అనే మరో ఉపాధ్యాయుడు 1898లో దీనిని దుయ్యబడుతూ ఒక కరపత్రమే వెలువరించాడు. కాలితో తన్నడమంటే మనిషి కోతి అవతారం ఎత్తడమేనని ఆయన వాదం. ‘ఇంగ్లీషు జబ్బు’ అని కూడా ఆయన దానిని దూషించాడు. ఆ స్టుట్‌గార్ట్‌కు ఎంతో దూరం లేని హైడెన్‌హైమ్‌లో ఫుట్‌బాల్ ఆడేవారు 1911లో వేరు సంఘం పెట్టుకోవలసి వచ్చింది. 1920లలో వ్యాయామ సంఘాలు, క్రీడా సంఘాలు దేశమంతటా ఒకదానినుండి మరొకటి విడాకులు తీసుకున్నాయి. నాజీ హయాములో వాటిని మళ్ళీ బలవంతాన ఒకే కొట్టంలోకి తోలారు. యుద్ధం తరువాత మరోసారి విడిపోయి, 1972లో హైడెన్‌హైమ్ క్రీడాసంఘమన్న పేర మళ్ళీ ఒకటయ్యారు. అదే ఏడు కొండ మీద ఇప్పటి మైదానం వెలసింది. ఫుట్‌బాల్ వారు మాత్రం చివరికి 2007 జనవరి 1న, ఈసారి తగవు లేకుండా, ఖర్చు పద్దులు వేరుచేసుకుంటూ విడివడి కొత్త క్లబ్బు ఏర్పరచుకున్నారు. పేరు 1. ఎఫ్.సి. హైడెన్‌హైమ్; పక్కన పాత సంవత్సరం.

నాజీ హయాము ప్రస్తావన వచ్చింది గనుక ఆ ఊరు తలలో మోస్తున్న రెండు పేర్లను దాటవేయడం న్యాయం కాదు. ఆఫ్రికా ఎడారి యుద్ధాలలో పేరు మోసిన సేనాని ఎర్విన్ రోమెల్ 1891లో ఈ ఊరిలో పుట్టాడు. 1961లో ఆయనకు ఇక్కడ ఒక స్మారకశిల నిలిపారు. దశాబ్దాల వాదోపవాదాల తరువాత 2020లో ఆ శిల ముందు ఊతకర్రపై నిలబడిన ఒక మందుపాతర బాధితుడి నల్లని లోహపు నీడను నిలిపారు. పాత శిలను కూల్చలేదు. రెండవ పేరు గేయోర్గ్ ఎల్సర్. హెర్మారింగెన్ స్టేషనును గుర్తుంచుకోమన్నది ఇతని కోసమే. 1903లో అక్కడ పుట్టి, లోయ ఎగువన ఉన్న కోనిగ్స్‌బ్రోన్‌లో పెరిగిన వడ్రంగి. హైడెన్‌హైమ్ కర్మాగారంలో కూలి చేస్తూ, కోనిగ్స్‌బ్రోన్ రాతిగనిలో మందుగుండు సేకరించి, మ్యూనిక్ సారాయి సభాశాలలో హిట్లర్ ఉపన్యాస వేదిక వెనుక స్తంభాన్ని ముప్పైకి పైగా రాత్రులు ఒంటరిగా తొలిచి బాంబు అమర్చాడు. 1939 నవంబరు 8న అది అనుకున్న సమయానికే పేలింది. పొగమంచు వల్ల విమానం మాని రైలెక్కవలసివచ్చిన హిట్లర్ 13 నిమిషాల ముందే సభను విడిచి వెళ్ళాడు. ఎనిమిదిమంది చనిపోయారు. ఎల్సర్‌ను 1945 ఏప్రిల్ 9న డాఖౌ శిబిరంలో చంపివేశారు. అతని లోహవిగ్రహం 2010 నుండి కోనిగ్స్‌బ్రోన్ స్టేషను వద్ద నిలిచి ఉన్నది. హైడెన్‌హైమ్ దాటి అదే చిన్న రైలులో ముందుకు వెళ్తే కనబడుతుంది.

ఇక ఆట సంగతి. ఐ.పి.ఎల్. వంటి పోటీలకు అలవాటుపడ్డవారికి జర్మనీ ఏర్పాటు వింతగా తోచవచ్చు. మన వద్ద డబ్బు చెల్లించి జట్టు కొంటే లీగులో పీట దానంతట అదే దొరుకుతుంది. జర్మనీలో లీగు ఒక నిచ్చెన. కొసమెట్టు బుండెస్‌లీగా, అందులో పద్దెనిమిది జట్లు. దాని కింద రెండవ బుండెస్‌లీగా, ఆ కింద మూడవది, ఆ పైన ప్రాంతీయ, జిల్లా, తాలూకా స్థాయిలు. ఏటా పై మెట్టు మీద అడుగున నిలిచినవారు కిందికి జారాలి. కింది మెట్టు మీద గెలిచినవారు పైకి ఎక్కాలి. సిద్ధాంతరీత్యా ఏ పల్లె జట్టయినా కొసకు చేరవచ్చు. ఆచరణలో కొస మెట్లన్నీ మహానగరాలవి. ఒకరిద్దరు కోటీశ్వరుల, పానీయాల కంపెనీల అండతో ఎగబాకిన జట్లూ ఉన్నాయి. క్లబ్బులో సగానికి పైగా ఓట్లు సభ్యుల చేతుల్లోనే ఉండాలన్న జాతీయ నియమం ఉన్నా, డబ్బుకు సందులు దొరుకుతూనే ఉంటాయి.

హైడెన్‌హైమ్‌కు అలాంటి ఒక్క దాత లేడు. 1990ల నడుమ హోల్గర్ సన్వాల్డ్ అనే స్థానిక యువకుడు క్రీడాసంఘపు ఫుట్‌బాల్ విభాగం బాధ్యత తలకెత్తుకున్నప్పుడు జట్టు జిల్లా పోటీల స్థాయిలో ఉన్నది. ఆయన చేసినది కొంచెం స్వాబియన్ పద్ధతి పనే: ఊరిలోని కర్మాగారాలు, బ్యాంకులు, దుకాణాల గడప గడపా ఎక్కి, కొద్దికొద్దిగా కూడబెట్టి, ఉన్నంతలో ఖర్చు పెట్టడం. వోయిత్ సంస్థ 2011లో మైదానానికి తన పేరు పెట్టుకున్నది. జట్టు 2004లో వుర్టెంబర్గ్ హద్దులు దాటి పైమెట్టు చేరింది. ఆ జట్టులో ఒక డిఫెండరు ఉండేవాడు. 1974లో ఈ ఊరిలోనే పుట్టి, ఆహెన్, మాన్‌హైమ్ వంటి చోట్ల వృత్తిరీత్యా ఆడి, 2003లో సొంతూరు చేరినవాడు. పేరు ఫ్రాంక్ ష్మిట్.

ష్మిట్ గతంలో ఒక చిన్న ఘట్టం చెప్పుకోదగినది. 1994 ఆగస్టులో ఫెస్టెన్‌బెర్గ్స్‌గ్రోయ్ట్ అనే పలకడానికే కష్టమైన బవేరియా పల్లె జట్టు, జర్మన్ కప్పులో ట్రాపట్టోనీ శిక్షణలోని బయర్న్ మ్యూనిక్‌ను ఒక్క గోలుతో ఓడించి దేశాన్ని నివ్వెరపరచింది. ఇరవై ఏళ్ళ ష్మిట్ ఆ పల్లె జట్టు సభ్యుడు. పెద్దవాళ్ళు కూడా ఓడిపోతారని అతనికి చిన్నతనంలోనే రుజువైపోయింది.

2007లో ఆట విరమించిన కొద్దికాలానికి, సెప్టెంబరులో, క్లబ్బు శిక్షకుడిని తొలగించింది. మరొకరు దొరికేదాకా రెండు మ్యాచ్‌లు చూసుకొమ్మని సన్వాల్డ్ ష్మిట్‌ను అడిగాడు. ఆ రెండు మ్యాచ్‌లు పదహారేళ్ళు దాటాయి. జర్మన్ వృత్తి ఫుట్‌బాల్‌లో ఒకే క్లబ్బుకు పదహారేళ్ళు శిక్షకుడైన ఫ్రైబర్గ్ క్లబ్బు ఫోల్కర్ ఫింకె రికార్డును ష్మిట్ 2023 సెప్టెంబరులో దాటివేశాడు. నాలుగు మ్యాచ్‌లు ఓడితే శిక్షకుడి మెడ మీద కత్తి వేలాడే రంగంలో ఇది నమ్మశక్యం కాని సంగతి. ఓడినప్పుడు కూడా అతడిని వదలలేదన్నదే ఇందులో కిటుకు. ఆ రోజుల్లో వచ్చిన కెప్టెన్ మార్క్ ష్నాటరర్ కూడా 2008 నుండి 2021 దాకా, పై మెట్టు జట్ల ఆకర్షణకు లొంగక, ఇక్కడే ఆడాడు.

మెట్లు ఒకటొకటిగా ఎక్కారు. 2008లో ప్రాంతీయ లీగు, 2009లో మూడవ లీగు, అక్కడ అయిదేళ్ళు. 2014లో రెండవ బుండెస్‌లీగా. అక్కడికి వచ్చాక ఊరివారు తృప్తిపడి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు. 2019 ఏప్రిల్ 3న జర్మన్ కప్పు క్వార్టర్‌ఫైనల్‌లో మ్యూనిక్ వెళ్ళి బయర్న్‌తో 5–4 తేడాతో ఓడి, ఓటమితోనే పేరు తెచ్చుకున్నారు. ఒక దశలో నాలుగు నాలుగుగా నిలిచిన ఆ ఆటను లెవాండోవ్‌స్కీ పెనాల్టీ తేల్చింది.

2020 వేసవిలో మొదటిసారి కొసమెట్టు చేతికి అందినంత దగ్గరకు వచ్చింది. కోవిడ్ మహమ్మారి వల్ల ప్రేక్షకులు లేని రోజులవి. సీజను ఆఖరిరోజున హైడెన్‌హైమ్ బీలెఫెల్డ్‌లో 3–0తో ఓడింది. అయినా మూడవ స్థానం దక్కింది. ఎందుకంటే పోటీదారైన హాంబుర్గ్ అదే రోజు సొంతగడ్డ మీద చిన్న జట్టు సాండ్‌హౌజెన్ చేతిలో 5–1తో చిత్తయింది. మూడవ స్థానం వారు బుండెస్‌లీగాలో పదహారవ స్థానం వారితో రెండు మ్యాచ్‌లు ఆడాలి. బ్రేమెన్‌లో 0–0, హైడెన్‌హైమ్‌లో 2–2. పరాయి మైదానంలో కొట్టిన గోళ్ళకు ఎక్కువ విలువ కనుక బ్రేమెన్ నిలిచిపోయింది, హైడెన్‌హైమ్ మిగిలిపోయింది. ఆ సాయంత్రం ఖాళీ అరుగుల ముందు ఆటగాళ్ళు గడ్డి మీద కూలబడిపోయారు. వారి ఊరివారు కంచె వెలుపల ఉన్నారు.

ఇలాంటి అవకాశం చిన్న ఊరికి రెండోసారి రాదని అందరూ అనుకున్నారు. చిన్న క్లబ్బుకు గెలుపే ఒక గండం. బాగా ఆడినవారిని మరుసటి ఏడు పెద్దవారు కొనుక్కుపోతారు. జట్టును ఏటేటా మళ్ళీ అల్లుకోవాలి.

2023 మే 28 ఆదివారం. మళ్ళీ సీజను ఆఖరిరోజు. హైడెన్‌హైమ్ రేగెన్స్‌బుర్గ్‌లో ఆడుతున్నది. హాంబుర్గ్ సాండ్‌హౌజెన్‌లో ఆడుతున్నది. హాంబుర్గ్ అంటే సామాన్యమైనది కాదు. 1983లో యూరప్ విజేత. 1963లో బుండెస్‌లీగా పుట్టినప్పటినుండి 2018 దాకా ఒక్కసారి కూడా కిందికి జారని క్లబ్బు. ఆ కాలాన్ని లెక్కపెట్టే గడియారాన్ని కూడా మైదానంలో వేలాడదీసుకున్నది. 2018లో జారిన తరువాత తిరిగి ఎక్కడానికి ఏటా ప్రయత్నించి విఫలమవుతున్నది. ఆ రోజు హాంబుర్గ్ 1–0తో గెలిచింది. అటు హైడెన్‌హైమ్ 0–2తో వెనుకబడి, ఒక గోలు తిరిగి తెచ్చుకొని, ఇంకా ఒక గోలు వెనుకనే ఉన్నది. తొంభై నిమిషాలు ముగిశాయి. సాండ్‌హౌజెన్‌లో వేలాది హాంబుర్గ్ అభిమానులు మైదానంలోకి దూకారు. మైకులో ప్రకటనకర్త వారికి శుభాకాంక్షలు కూడా చెప్పేశాడు. పెద్దవారు కౌగిలించుకొని ఏడుస్తున్నారు.

రేగెన్స్‌బుర్గ్‌లో రిఫరీ 11 నిమిషాలు అదనంగా ఇచ్చాడు. మూడవ అదనపు నిమిషంలో హైడెన్‌హైమ్‌కు పెనాల్టీ లభించింది; యాన్-నిక్లాస్ బెస్టె దానిని గోలుగా మలిచాడు. 2–2. అదీ చాలదు, ఒక్క పాయింటుతో హాంబుర్గే పైన ఉంటుంది. ఈలోగా సాండ్‌హౌజెన్ గడ్డి మీద నిలబడ్డవారి చేతుల్లోని ఫోన్లలో ఆ గోలు వార్త పాకింది. అరుపులు తగ్గాయి. తొమ్మిదవ అదనపు నిమిషంలో బంతి గోలు ముందు దొర్లగా టిమ్ క్లైన్‌డీన్స్ట్ దానిని లోపలికి నెట్టాడు. ఆ సీజనులో అతనికది ఇరవై అయిదవ గోలు. 3–2. ఆ గోలు పడేదాకా మూడవ స్థానంలో ఉన్న జట్టు, డార్మ్‌స్టాట్ కూడా ఆ రోజే ఓడిపోవడంతో, గోళ్ళ లెక్కలో ఏకంగా ప్రథమస్థానంతో బుండెస్‌లీగాకు చేరింది. సాండ్‌హౌజెన్ మైదానంలో ఆనందభాష్పాలు ఆరకముందే అసలైన ఏడుపు మొదలైంది. మూడేళ్ళ నాడు హాంబుర్గ్‌ను చావుదెబ్బ కొట్టినదీ సాండ్‌హౌజెన్ పేరే. హాంబుర్గ్ బుండెస్‌లీగాకు తిరిగి చేరడానికి మరి రెండేళ్ళు, 2025 దాకా ఆగవలసివచ్చింది.

కొత్త మెట్టు మీద హైడెన్‌హైమ్ తొలి రెండు మ్యాచ్‌లు ఓడింది. మూడవదానిలో 80 వేలమంది పట్టే డోర్ట్‌ముండ్ మైదానంలో రెండు గోళ్ళు వెనుకబడి 2–2గా సమం చేసింది. ఒక మైదానంలోని జనం ఒక ఊరి జనం కంటే ఎక్కువ అన్న లెక్క ఆ రాత్రి అందరికీ గుర్తుకొచ్చింది. 2024 ఏప్రిల్ 6న బయర్న్ మ్యూనిక్ కొండ ఎక్కి వచ్చింది. సగం ఆట ముగిసేసరికి బయర్న్ 2–0తో ముందున్నది. విరామం తరువాత సెస్సా ఒక గోలు, మరుసటి నిమిషంలోనే క్లైన్‌డీన్స్ట్ రెండవది, 79వ నిమిషంలో మళ్ళీ అతనే మూడవది. 1994లో ఫెస్టెన్‌బెర్గ్స్‌గ్రోయ్ట్ కుర్రవాడు ముప్పై ఏళ్ళకు శిక్షకుడిగా అదే బయర్న్‌ను ఓడించాడు. ఆ సీజను హైడెన్‌హైమ్ ఎనిమిదవ స్థానంలో ముగించింది. లీగునూ కప్పునూ ఒకే జట్టు లెవర్‌కూజెన్ గెలుచుకోవడం వల్ల యూరప్ పోటీల చీటీ ఒకటి కిందికి దిగి వీరి ఒళ్ళో పడింది.

2024 నవంబరు 28న లండన్ నుండి చెల్సీ వచ్చింది. ఒంటి పట్టాల రైలు ఊరికి ప్రపంచ విఖ్యాతమైన క్లబ్బు. చెల్సీ 2–0తో గెలిచింది. అయినా హైడెన్‌హైమ్ ఆ పోటీలో మూడు మ్యాచ్‌లు గెలిచి తరువాతి అంచెకు చేరి, అక్కడ కోపెన్‌హేగన్ చేతిలో అదనపు సమయంలో ఓడింది. ఈ వైభవానికి వెల ఉన్నది. వేసవిలోనే క్లైన్‌డీన్స్ట్ గ్లాడ్‌బాఖ్‌కు, బెస్టె లిస్బన్‌కు, మరొకరు ఫ్రైబర్గ్‌కు వెళ్ళిపోయారు. గురువారం యూరప్‌లో, ఆదివారం బుండెస్‌లీగాలో ఆడి ఆడి అలసిన జట్టు లీగులో జారుతూ జారుతూ చివరికి పదహారవ స్థానంలో ఆగింది. ఐదేళ్ళ నాడు బ్రేమెన్ ఆడిన ఆ రెండు నిర్ణాయక మ్యాచ్‌లు ఇప్పుడు హైడెన్‌హైమ్ ఆడాలి – ఈసారి పైనుండి, జారిపోకుండా పట్టుకోవడానికి.

ఎదురు జట్టు ఎవరనుకున్నారు? ఫ్రాన్స్ సరిహద్దు దగ్గరి సార్లాండ్‌లోని ఎల్వర్స్‌బెర్గ్. ఊరు మొత్తం జనాభా పదమూడు వేలు. వారి ముందు హైడెన్‌హైమ్ మహానగరం. జర్మనీలో తటస్థుల అభిమానమంతా, రెండేళ్ళ నాడు హైడెన్‌హైమ్‌కు దక్కిన అభిమానమే, ఇప్పుడు అటు తిరిగిపోయింది. 2025 మే 22న కొండ మీది మైదానంలో ఎల్వర్స్‌బెర్గ్ విరామానికే 2–0తో ముందుండగా, ప్రాణం మీదికి తెచ్చుకున్న హైడెన్‌హైమ్ 2–2 చేసుకున్నది. నాలుగు రోజుల తరువాత ఎల్వర్స్‌బెర్గ్‌లో 1–1గా నడుస్తున్న ఆటలో, అదనపు సమయం అయిదవ నిమిషంలో, లియోనార్డో షియెంజా కొట్టిన బంతి గోలు చేరింది. హైడెన్‌హైమ్ ఆటగాళ్ళు తమ అభిమానుల అరుగు వైపు పరుగెత్తారు. మైదానం రెండవ చివర ఎల్వర్స్‌బెర్గ్ ఆటగాళ్ళు గడ్డి మీద కూలబడి ఉన్నారు, సరిగ్గా 2020 జులైలో హైడెన్‌హైమ్ వారు కూలబడినట్లే. తేడా ఒక్కటే, ఈసారి అరుగులు నిండి ఉన్నాయి. ఆ పల్లెవారు లేచి నిలబడి, ఓడిన తమ కుర్రవాళ్ళకు చాలాసేపు చప్పట్లు కొట్టారు.